వాగుడుకాయ చివరి మాట

ముందే చెప్తున్నాను, నాకు నోరెక్కువ. మిల్లులో నన్ను అందరూ గయ్యాళి అనే పిలిచేవాళ్ళు, నేనూ పలికేదాన్ని. అబద్ధాలాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అలాంటి నేను నా జన్మలో ఒకే ఒక్క పెద్ద అబద్ధం ఆడాను. అదీ ఒక తల్లి పోయిన గంటకే, ఆ తల్లి కన్న కూతురికి, మొహంలో మొహం పెట్టి. తల్లి చివరగా ఏమందని ఆ పిల్ల అడిగింది. నాకు తెలుసు, నాకు ఒక్కదానికే తెలుసు. తెలిసీ వేరే మాట చెప్పాను.

ఆ తల్లి నా జోడీ. బట్టల మిల్లులో రెండు వరుసల మగ్గాల మధ్య సన్నటి సందు ఉంటుంది. ఆ సందులో ఎదురెదురు వరుసలు చూసుకునే ఇద్దరినీ జోడీ అంటారు. నాలుగు మగ్గాలు ఆమెవి, నాలుగు నావి. ఇరవై ఆరేళ్ళు ఆ సందులో నేను తల తిప్పితే కనపడిన మొహం ఆమెదే. నా మొగుడి మొహం కూడా నేను అంతసేపు చూడలేదు. చూడాల్సినంత మొహమూ కాదులెండి.

ఆమెకు మిల్లులో పేరు వాగుడుకాయ. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. తమాషా ఏమిటంటే ఆ వాగుడులో చప్పుడే ఉండేది కాదు. రెండు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే గొంతు చించుకుని అరిచినా పక్కనున్న మనిషికి వినపడదు. అందుకని మిల్లులో ఎవరూ గొంతుతో మాట్లాడరు. పెదవులు మాత్రం ఆడిస్తారు, కాస్త సాగదీసి, కాస్త విడమరచి. ఎదుటివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళకి మూడు నెలలు పట్టేది. పాప అన్నా బాబు అన్నా మామ అన్నా పెదవులు ఒకేలా కలుస్తాయి మరి. తేడా అంతా కళ్ళలో ఉంటుంది, కనుబొమల్లో ఉంటుంది. మొహం మొత్తం చూస్తే తప్ప మాట తెలియదు.

మేస్త్రీ జుట్టుకు కొత్తగా నల్లరంగు వేసుకొచ్చిన రోజు మా ఇద్దరి మధ్యే నిలబడి నూలు పరీక్షిస్తున్నాడు. ఆయన తల మీదుగా మేం అరగంట ఆ రంగు గురించే చెప్పుకున్నాం. చెవి వెనకాల ఒక చార మిగిలిపోయిందని ఆమె అంటే నేను పగలబడి నవ్వాను. ఆయన ఇటు చూసి, అటు చూసి, "ఏంటమ్మా ఆ నమలడం? పనిచేసే చోట తినకూడదని తెలీదా?" అని సైగ చేశాడు. వాగుడుకాయ బుద్ధిగా నోరు తెరిచి చూపించింది, ఏమీ లేదని.

ఆమెకు ఒక్కతే కూతురు. బుల్లి అని పిలిచేవాళ్ళం. మొగుడు ఉన్నాడా అంటే ఉన్నాడు, ఎక్కడున్నాడంటే చెప్పలేం. తల్లీకూతుళ్ళే లోకం. బుల్లి చదివే బడి మిల్లు గోడ పక్కనే. విరామంలో వాగుడుకాయ గోడ దగ్గర నిలబడేది, బుల్లి తరగతి కిటికీలోంచి చూసేది. పాఠం జరుగుతుండగానే ఇద్దరూ చప్పుడు లేకుండా కబుర్లు. క్యారేజీలో ఏముంది, ఎవరు కొట్టారు, సాయంత్రం ఏం చేద్దాం, అన్నీ. టీచరమ్మ బుల్లిని ఎన్నిసార్లు నిలబెట్టిందో లెక్క లేదు. ఐదేళ్ళకే ఆ పిల్ల మిల్లు మాట మాకంటే బాగా మాట్లాడేది.

వాగుడుకాయకు చెవుడు ఎప్పుడొచ్చిందో మాకెవరికీ తెలియదు. ఆమెకే తెలియదు. మిల్లులో వినేవాళ్ళెవరు గనక? దూది పెట్టుకోమని ఇచ్చేవాళ్ళు, మేం పారేసేవాళ్ళం. బుల్లికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక రోజు వెనక నుంచి "అమ్మా" అని పిలిచిందట. పలకలేదు. మళ్ళీ పిలిచింది. గట్టిగా అరిచింది. తల్లి అంట్లు తోముతూనే ఉంది. అప్పుడు బుల్లి చుట్టూ తిరిగి ముందుకొచ్చి, తల్లి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, మొహం తన వైపు తిప్పుకుని, పెదవులతో అంది, "ఇటు చూడు." ఈ సంగతి మర్నాడు సందులో నాకు చెప్తూ వాగుడుకాయ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "చెవులు పోతే పోయాయే, నాకేం లోటు? నా కూతురి మొహం ఉందిగా" అంది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అదే అలవాటు. ఏదైనా చెప్పాలంటే ముందు గడ్డం పట్టుకోవడం, మొహం వెలుతురు వైపు తిప్పుకోవడం, తర్వాత మాట. అలిగినప్పుడు కూడా గడ్డం పట్టుకునే తిట్టుకునేవాళ్ళు.

మిల్లు మూతపడింది. బుల్లికి పెళ్ళయింది. అల్లుడు లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే, మంచివాడే. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తల్లిని దగ్గరే పెట్టుకుంది బుల్లి. చెడ్డ పిల్ల అని నేను చచ్చినా అనను. చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది, మిషను కొనిచ్చింది. అది పెట్టుకుంటే వాగుడుకాయకు గోలే తప్ప మాట తెలియలేదు. "మళ్ళీ మిల్లులోకి పోయినట్టుందే" అని తీసి సొరుగులో పడేసింది.

బుల్లి ఉద్యోగం ఇంటి నుంచే. పార్సిళ్ళ కంపెనీలో ఫిర్యాదులు చూసుకోవడం. నా పార్సిల్ రాలేదు, నా పార్సిల్ పగిలింది, నాది పక్కింట్లో ఇచ్చారు, ఇవే రోజంతా. ఒక ఫోన్ ఆఫీసుది, ఒకటి సొంతానిది. ఒకటి పక్కన పెడితే రెండోది మోగేది. పని అయ్యాక కూడా ఆ తల పైకి లేచేది కాదు. అలసిపోయాను, కాసేపు ఏదో చూసుకుంటాను అనేది. ఆ కాసేపు నిద్ర దాకా సాగేది.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి బుల్లి సోఫాలో ఫోన్ చూస్తోంది, అల్లుడు మంచం మీద ఫోన్ చూస్తున్నాడు. వాగుడుకాయ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బుల్లిని చూస్తోంది. ఆ కుర్చీ అంతకుముందు గోడ వైపు ఉండేది. బుల్లి మొహం మీద వెలుతురు పడి, తనకు కనపడేలా ఆమే జరుపుకుంది. అయినా కనపడేదేముంది? తల దించితే నోరు కిందికి పోతుంది, జుట్టు అడ్డం పడుతుంది.

నన్ను చూడగానే వాగుడుకాయ మొహం విప్పారింది. పెదవులతో గలగలా మొదలుపెట్టింది. "రావే గయ్యాళీ, మాటకి మొహం వాచిపోయాననుకో. దీని పాపిట నాకు కంఠతా వచ్చేసింది. కుడివైపు రెండు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి, దానికింకా తెలీదు."

నేను నవ్వాను. తర్వాత నాకు మండింది. "ఏమే బుల్లీ, మీ అమ్మతో మాట్లాడి ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"అదేంటి పెద్దమ్మా, ఇప్పుడేగా మాట్లాడాను! టీ తాగుతావా అని అడిగా" అంది, తల ఎత్తకుండానే.

"ఎవర్ని అడిగావు? ఆ ఫోన్‌నా?"

అప్పుడు తల ఎత్తింది. "సారీ అమ్మా" అంది, చక్కగా, మొహం చూపించి. వాగుడుకాయ అరచేత్తో ఫరవాలేదని ఊపింది. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ పాపిటే.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. శంఖం ఊదేవాళ్ళే తల దించుకు కూర్చుంటే చెవిటిది ఏం చెయ్యాలే?" అని అరిచాను. అల్లుడు నవ్వాడు. అది జోకనుకున్నాడు.

మొదట్లో వాగుడుకాయ తన పాత పద్ధతే చేసేది. లేచి వెళ్ళి బుల్లి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పైకెత్తేది. బుల్లి ఒక్కోసారి నవ్వేది, ఒక్కోసారి "అబ్బా, ఉండమ్మా" అని చెయ్యి తీసేసేది. చెయ్యి తీసేసిన రోజులే ఎక్కువయ్యాయి. తర్వాత తర్వాత ఆమె లేవడం మానేసింది.

గొంతు ఉందిగా, మాట్లాడొచ్చుగా అంటారు మీరు. ఉంది. కానీ తన గొంతు ఎంత గట్టిగా వస్తోందో తనకు తెలియదు కదా. బుల్లి ఎవరో కస్టమరుతో మాట్లాడుతుంటే ఈమె వంటగదిలోంచి "బుల్లీ, ఉప్పు ఎక్కడ పెట్టావే!" అని కేక పెట్టేది. కస్టమరు అవతల నుంచి "మీ ఆఫీసులో ఆ గోలేంటి" అనేవాడు. బుల్లి పరుగెత్తుకొచ్చి పెదవుల మీద వేలు పెట్టుకునేది. పైనుంచి ఒకసారి హెచ్చరిక కూడా వచ్చిందట. అది తెలిసిన రోజు నుంచి వాగుడుకాయ ఇంట్లో గొంతెత్తలేదు. మిల్లు మాటే మాట. ఎవరూ చూడని మిల్లు మాట.

బుల్లి తల్లికీ ఒక ఫోన్ కొనిచ్చింది. "నేను పని చేసుకుంటున్నా నువ్వు మెసేజ్ పెట్టు, వెంటనే ఇస్తాను" అంది. ఒకే గదిలో ఇద్దరూ నాలుగడుగుల దూరంలో కూర్చుని తిన్నావా అంటే తిన్నాను అని పంపుకునేవాళ్ళు. వాగుడుకాయ ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేసరికి పొద్దు పోయేది. ఒక రోజు నాకు ఆ ఫోన్ చూపించి, "ఇది చూడవే, 'సరే అమ్మా' అంది. కోపంగా అందా, మామూలుగా అందా? అక్షరాలకి కనుబొమలుండవు" అంది.

బుల్లినే అంటున్నాను గానీ నేనేం తక్కువ తిన్నానా? నా కొడుకు పాత ఫోన్ ఒకటి నాకిచ్చి పోయాడు. ఎవరో ముసలాయన ఆగిపోయిన గోడగడియారాలు విప్పి, తుడిచి, మళ్ళీ ఆడించే వీడియోలు అందులో వస్తాయి. ఎందుకో నాకవంటే పిచ్చి. ఒక బుధవారం మధ్యాహ్నం వాగుడుకాయ మా ఇంటికొచ్చింది. మూడు మలుపులు నడిచి, మెట్లెక్కి వచ్చింది. "ఒక్క నిమిషం ఉండవే, లోలకం తగిలించేస్తాడు" అన్నాను. తల ఎత్తి అన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆయన లోలకం తగిలించాడు, ఇంకో గడియారం తీశాడు. నేను తల ఎత్తేసరికి కుర్చీ ఖాళీ. ఇచ్చిన టీ సగం అలాగే ఉంది. అలిగిందేమోలే, రేపు వెళ్ళి బతిమాలుకుందాం అనుకున్నాను. రేపు వెళ్ళలేదు. ఎల్లుండీ వెళ్ళలేదు.

తొమ్మిదో రోజు పొద్దున బుల్లి ఫోన్ చేసింది. స్నానాలగది నేల మీద గోడకానుకుని కూర్చుని ఉందట, పెదవులు నీలంగా.

ఊపిరితిత్తులు. ఇరవై ఆరేళ్ళు పీల్చిన నూలు దుమ్ము. దాని మీద జ్వరం, నెమ్ము. ఆసుపత్రిలో డాక్టరు బుల్లిని అడిగాడు, "ఆయాసం ఎన్నాళ్ళ నుంచి?"

"తెలీదండీ. ఏమీ చెప్పలేదు" అంది బుల్లి.

అల్లుడు గోడ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "చెప్పింది. రెండు వారాల నుంచీ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అంటూనే ఉంది. తిన్నావా అని అడుగుతోందనుకున్నా. తిన్నానని తలూపాను."

నేను బుధవారం గురించి నోరు మెదపలేదు. నోరెక్కువని చెప్పుకుంటానే, ఆ నోరు అప్పుడు ఎక్కడికి పోయిందో.

వారం రోజులు నోట్లోంచి గొట్టం. తర్వాత గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం అక్కడికి మార్చారు. అప్పుడు స్పృహ వచ్చింది, పెదవులు ఖాళీ అయ్యాయి, కానీ గొంతు రాదు. నర్సులు పాపం మనిషి ఏమీ చెప్పలేకపోతోంది అన్నారు. నాకు నవ్వొచ్చింది. వాగుడుకాయకు గొంతెందుకు? మొహం చూసేవాళ్ళుంటే చాలు. నన్ను పంపండి, నేను మాట్లాడతాను అన్నాను.

తలుపు దగ్గర కాపలా అతను అడిగాడు, "మీరేమవుతారు?"

"జోడీని."

"అంటే?"

"ఇరవై ఆరేళ్ళు ఎదురెదురుగా నిలబడ్డాం."

"అలాంటి చుట్టరికం కాగితంలో లేదమ్మా. కన్నవాళ్ళు, కట్టుకున్నవాళ్ళు, కడుపున పుట్టినవాళ్ళు, అంతే" అన్నాడు. నేను గయ్యాళినన్న సంగతి అతనికీ ఆ రోజు తెలిసింది. ఫలితం మాత్రం సున్నా.

అందుకని బుల్లే వెళ్ళేది. పొద్దున పదకొండింటికి పది నిమిషాలు, సాయంత్రం ఐదింటికి పది నిమిషాలు. మొదటి రోజు బయటికొచ్చి ఏడ్చింది. "అమ్మ ఏదో అంటోంది పెద్దమ్మా, నాకు తెలీడం లేదు. నీళ్ళు అన్నది ఒక్కటే తెలిసింది. చిన్నప్పుడు అంతా వచ్చేది కదా, ఎలా మర్చిపోయాను?"

"మర్చిపోలేదే, చూడటం మానేశావు. మొహం మొత్తం చూడు, పెదవులొక్కటే చూడకు" అన్నాను. అలా కటువుగా అనకుండా ఉండాల్సింది.

రెండో రోజూ తెలియలేదు. మూడో రోజు పొద్దున నేను పెందలాడే వచ్చి వరండాలో కూర్చున్నాను. ఊరికే ఉండలేక గడియారాల ముసలాయన్ని పెట్టుకున్నాను. పదిన్నరకల్లా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఇంటికెళ్ళి స్నానం చేసి, ఐదింటికి మళ్ళీ వద్దామని లేచాను. ఇంట్లో ఫోన్ తీగకు తగిలించి కాస్త నడుం వాల్చాను. లేచేసరికి మూడున్నర.

ఫోన్ తెరిచాను. బుల్లి నుంచి ఏడు కాల్స్. ఒక వీడియో. దాని కింద, "అమ్మ ఇదే మళ్ళీ మళ్ళీ అంటోంది. నాకు తెలీడం లేదు. చూసి చెప్పు పెద్దమ్మా."

ముప్పై ఏడు సెకన్ల వీడియో. వాగుడుకాయ మొహం, వెనక తెల్లటి దిండు. ఎంత చిక్కిపోయిందో. నేరుగా ఇటే చూస్తూ, మిల్లులో కొత్తవాళ్ళకి చెప్పినట్టు ఒక్కో మాటా విడమరచి అంది. నాకు మొదటిసారికే తెలిసిపోయింది.

"అది పక్కన పెట్టి నా మొహం చూడవే."

బుల్లి గొంతు వినపడింది, "మళ్ళీ అనమ్మా, వీడియో తీస్తున్నా, పెద్దమ్మకి చూపిస్తా." వాగుడుకాయ మళ్ళీ అంది, అదే మాట. తర్వాత చెయ్యి పైకి లేచింది, సూది గుచ్చిన చెయ్యి. రెండు వేళ్ళు ముందుకొచ్చాయి. ఆ వేళ్ళు ఎక్కడికి వస్తున్నాయో నాకు తెలుసు, బుల్లి గడ్డం దగ్గరికి. మధ్యలో ఫోన్ ఉంది. తెర అంతా చీకటైపోయింది. "చెయ్యి అడ్డం పెట్టకమ్మా, కనపడటం లేదు" అంది బుల్లి. చెయ్యి తీసింది. మూడోసారి అదే అంది, ఈసారి చాలా మెల్లగా. కళ్ళు మూసుకుంది. అంతే వీడియో.

ఆ మాట మెసేజ్‌లో రాయడానికి నాకు చేతులు రాలేదు. ఫోన్‌లో చెప్పడానికీ మనసొప్పలేదు. ఎదురుగా నిలబడి చెప్పాలనుకున్నాను. తిట్టకుండా చెప్పాలి. "ఐదింటికి లోపలికెళ్ళేటప్పుడు ఆ ఫోన్లు రెండూ నా చేతికివ్వు. పది నిమిషాలూ మొహంలోకి చూస్తూ కూర్చో. అంతే అడుగుతోంది మీ అమ్మ." బస్సులో దారి పొడుగునా ఆ మాటలే కూడబలుక్కున్నాను. ఐదింటికి ఇంకా బోలెడు టైముందని నాలో నేనే అనుకున్నాను.

నాలుగుంపావుకి వరండా చేరాను. అల్లుడు గోడకు తల ఆనించి నిలబడ్డాడు. బుల్లి బెంచీ మీద ఉంది. నాలుగింటికి ముందే అయిపోయిందట.

నన్ను చూసి లేచింది. నా రెండు భుజాలూ పట్టుకుంది. "చూశావా పెద్దమ్మా? అమ్మ ఏమంది?"

ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్తే ఆ పిల్ల బతుకుతుందా? నిజం చెప్పాలంటే బుల్లి కోసమే అబద్ధమాడానని కూడా అనలేను. చెప్తే, ఇంత ఆలస్యంగా ఎందుకు చూశావు అని అడుగుతుంది. గడియారాల సంగతి చెప్పాలి. బుధవారం సంగతి చెప్పాలి.

"వేళకి తినమందే. ఏడవొద్దంది. నువ్వంటే ప్రాణమంది" అన్నాను.

"మూడుసార్లూ అదేనా?"

"అదే."

బుల్లి నా మీద పడి ఏడ్చింది. ఏడుస్తూనే, "అంతేనా, అంతేనా" అని కాస్త తేలికపడింది.

నాలుగు నెలలు గడిచాయి. అల్లుడు ఒక రోజు దారిలో కనపడి చెప్పాడు. "రోజూ ఆ వీడియోనే చూస్తోంది పెద్దమ్మగారూ. చప్పుడు తీసేసి చూస్తుంది. తర్వాత అద్దం ముందు కూర్చుని నోరు ఆడిస్తుంది. నాకు భయమేస్తోంది." నాకు అంతకంటే ఎక్కువ భయమేసింది. వెంటనే వెళ్ళి, "ఆ వీడియో తీసెయ్యవే బుల్లీ, మనిషిని అలా గొట్టాలతో గుర్తుపెట్టుకోకూడదు" అని హితవు చెప్పాను. బుల్లి నా వైపు చూసింది. చాలాసేపు, కళ్ళూ పెదవులూ కనుబొమలూ అన్నీ చూసింది. అలా నన్ను ఎవరూ చూసి చాలాకాలమైంది. నేనే మొహం తిప్పుకున్నాను.

మొన్న మధ్యాహ్నం మా ఇంటి తలుపు తెరిచే ఉంది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. సిగ్గులేనిదాన్ని, మళ్ళీ ఆ గడియారాల ముసలాయన్నే చూస్తున్నాను. అడుగుల చప్పుడైంది. బుల్లి అని తెలిసింది. "ఒక్క నిమిషం ఉండవే" అన్నాను.

నా గడ్డం కింద రెండు వేళ్ళు తగిలాయి. మొహం పైకి లేచింది. బుల్లి నా ఎదురుగా వంగి ఉంది, వెలుతురు దాని మొహం మీద పడుతోంది. చేతిలో ఫోన్ లేదు. గొంతు లేకుండా, పెదవులు విడమరచి అంది.

"అది పక్కన పెట్టి నా మొహం చూడవే."

నన్నే అంటోందనుకున్నాను. అంతకుముందెప్పుడూ నన్ను 'వే' అని పిలవలేదని కూడా నాకు తట్టలేదు. "ఇదిగో పెట్టేశానమ్మా, కూర్చో" అని ఫోన్ కిటికీ మీద పెట్టాను.

బుల్లి కూర్చోలేదు. మళ్ళీ అదే అంది. ఈసారి కనుబొమలు వాగుడుకాయవి. మూడోసారి చాలా మెల్లగా అంది. అని, కళ్ళు మూసుకుంది.

బుల్లి కళ్ళు తెరిచింది. వేళ్ళు నా గడ్డం కిందే ఉన్నాయి, మొహం తిప్పుకోవడానికి లేదు.

"అదేనా పెద్దమ్మా?" అని పెదవులతోనే అడిగింది.

నాకు కూడా మిల్లు మాటే వచ్చింది.

"అదేనే."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."